బ్రా కొనడానికి సిగ్గెందుకు? కొలతే ముఖ్యం

స్త్రీల ఆరోగ్యం అనగానే రక్తహీనత, బి.పి., షుగరు, గర్భసంచి జబ్బుల గురించి అందరూ వ్రాస్తారు. కాని ఆడపిల్ల ఎదిగే వయసులో మొదలుపెట్టి ముసలితనం వరకు రోజూ ఒంటికి ఆనుకొని ఉండే బ్రా గురించి ఎవరూ వ్రాయరు. పల్లెల్లో దీనిని 'బాడీ' అంటారు. ఆ మాట కూడా గొంతు తగ్గించే చెబుతారు.

చెప్పులు కొనేటప్పుడు కాలు పెట్టి చూసుకుంటాం. జాకెట్టు కుట్టించేటప్పుడు ఆది జాకెట్టు ఇస్తాం, చంక దగ్గర బిగుతైతే విప్పి మళ్ళీ కుట్టమంటాం. బ్రా దగ్గరకు వచ్చేసరికి మాత్రం షాపులో మగవాళ్ళు ఉన్నారని నోటికి వచ్చిన సైజు ఒకటి చెప్పి, నల్ల కవరులో చుట్టించుకొని, ఎవరూ చూడకముందే బయటపడతాం. పెళ్ళికి ముందు వాడిన సైజే ముగ్గురు పిల్లలు పుట్టాక కూడా అడుగుతాం. ఇంటికి తెచ్చాక సరిపోకపోతే మార్చుకోవడానికి వెళ్ళం. అక్క కొలతకు కొన్నది చెల్లెలు వేసుకుంటుంది, హుక్కు ఊడితే పిన్నీసు పెట్టుకుంటుంది.

బ్రా అలంకారానికి మాత్రమే వేసుకొనేది కాదు, సిగ్గుపడి దాచవలసినదీ కాదు. అది కళ్ళజోడు వంటిది. ఎవరి కొలత వారిదే, కొలత తప్పితే బాధ తప్పదు. ఇది మా నర్సింగు విభాగం వారందరి అభిప్రాయం.

సిగ్గు వల్ల వచ్చే నష్టాలు

మా వార్డులలోను, ఓ.పి.లోను స్త్రీలను పరీక్ష చేసేటప్పుడు మేము తరచుగా చూసేవి కొన్ని ఉన్నాయి. భుజాల మీద పట్టీలు నొక్కుకుపోయి పడిన గాళ్ళు, వీపు మీద హుక్కుల దగ్గర నల్లబడిన చారలు, రొమ్ముల క్రింద మడతలో ఎర్రగా ఒరిసిపోయి, దురదతో, వాసనతో ఉన్న చర్మం. "ఎన్నాళ్ళ నుంచి ఉందమ్మా?" అని అడిగితే "ఎండాకాలం నుంచి" అంటారు. ఎవరికి చూపించారంటే ఎవరికీ లేదు.

మన కోస్తా జిల్లాల ఉక్కపోతకు రొమ్ముల క్రింద చెమట చేరుతుంది. నైలాను బ్రా ఆ చెమటను పీల్చదు. అక్కడ ఫంగసు పెరుగుతుంది. షుగరు ఉన్నవారికి, లావుగా ఉన్నవారికి ఇది ఎక్కువ. చాలామంది సెంటు పౌడరు చల్లుకుంటారు, లేకపోతే మందుల షాపులో అడిగి ఏదో ఒక క్రీము తెచ్చుకుంటారు. ఆ క్రీములలో చాలావాటిలో స్టెరాయిడు కలిసి ఉంటుంది. రాసిన రెండు రోజులు దురద తగ్గుతుంది, తరువాత ఫంగసు ఇంకా విస్తరిస్తుంది. శుభ్రంగా కడిగి, రుద్దకుండా మెత్తని గుడ్డతో అద్ది, పూర్తిగా ఆరిన తరువాత నూలు బ్రా వేసుకోవాలి. తగ్గకపోతే డాక్టరుకు చూపించి ఫంగసు మందు వాడాలి.

ఇక దీనికంటే పెద్ద నష్టం ఒకటి ఉంది. మన దేశంలో స్త్రీలకు వచ్చే క్యాన్సర్లలో రొమ్ము క్యాన్సరుదే మొదటి స్థానం. దానిని తొలి దశలో కనిపెడితే నయమయ్యే అవకాశం చాలా ఎక్కువ. అయినా ఎందరో స్త్రీలు గడ్డ బాగా పెరిగి, చర్మం మీదికి వచ్చిన తరువాతే ఆసుపత్రికి వస్తున్నారు. బ్రా సైజు చెప్పడానికి సిగ్గుపడేలా పెరిగిన అమ్మాయి, నలభై ఏళ్ళకు రొమ్ములో గడ్డ ఉందని భర్తకైనా చెప్పగలదా? ఆ రెండు సిగ్గులూ ఒకటేనని మా నమ్మకం. మొదటిది పోగొడితే రెండవది కూడా తగ్గుతుంది. ఒక లోదుస్తు గురించి ఆసుపత్రి పత్రికలో ఇంత వివరంగా వ్రాయడానికి కారణం ఇదే.

కొలత తీసుకోవడం

దర్జీ టేపు ఒకటి ఇంట్లో ఉంటే చాలు. అద్దం ముందు నిలబడి, పలుచని బ్రా మీద గాని, ఏమీ లేకుండా గాని కొలుచుకోవచ్చు. అమ్మగాని, అక్కగాని సాయం చేస్తే ఇంకా సులువు.

మొదటిది అడుగు కొలత. రొమ్ములకు సరిగ్గా క్రింద, ఛాతీ చుట్టూ టేపు పట్టాలి. టేపు వెనుకా ముందూ ఒకే ఎత్తులో ఉండాలి. గాలి వదిలి, బిగుతుగానే పట్టుకొని చూడాలి.

రెండవది నిండు కొలత. రొమ్ములు బాగా నిండుగా ఉన్నచోట, అంటే సాధారణంగా చనుమొనల మీదుగా, టేపు బిగించకుండా కొలవాలి. రొమ్ములు జారి ఉన్నవారు కొద్దిగా ముందుకు వంగి కొలుచుకుంటే సరిగ్గా వస్తుంది.

ఈ రెండింటికీ ఉన్న తేడాయే కప్పు. ఒక అంగుళం తేడా ఉంటే ఏ, రెండు అంగుళాలైతే బి, మూడైతే సి, నాలుగైతే డి. అడుగు కొలత 34, నిండు కొలత 36 అనుకోండి, అది 34బి. అడుగు కొలత బేసి సంఖ్య వస్తే దాని పై సరి సంఖ్య తీసుకుంటారు. అయితే కొన్ని కంపెనీలు అడుగు కొలతకు 4 లేక 5 అంగుళాలు కలిపి సైజు వేస్తాయి. అందుకని ఒక కంపెనీ 34, మరో కంపెనీ 34 ఒకటి కావు. పెట్టె మీద ఉన్న కొలతల పట్టిక చూసుకోవాలి, వీలైతే వేసుకొని చూడాలి.

చాలామందికి 32, 34, 36 అనే అంకెలే తెలుసు, ఆ ప్రక్కన ఉన్న అక్షరం సంగతి తెలియదు. తిప్పలన్నీ అక్కడే వస్తాయి. రొమ్ములు నిండుగా ఉన్న స్త్రీ కప్పు పెంచవలసింది పోయి, అంకె పెంచి 38 కొంటుంది. అప్పుడు పట్టీ వదులై వీపు మీదికి ప్రాకుతుంది, బరువంతా భుజాల మీద పడుతుంది. రొమ్ముల బరువులో ఎక్కువ భాగాన్ని మోయవలసింది అడుగు పట్టీయే, భుజం పట్టీలు కాదు. ఈ ఒక్క మాట గుర్తుపెట్టుకుంటే సగం సమస్య తీరినట్లే. 34బిలో కప్పు సరిపోయి పట్టీ వదులుగా ఉంటే 32సి చూడండి, పట్టీ బిగుతుగా ఉంటే 36ఏ చూడండి. అంకె, అక్షరం రెండూ మారినా కప్పులో పట్టే పరిమాణం దాదాపు ఒకటే.

సరిపోయిందని ఎలా తెలుస్తుంది?

1. అడుగు పట్టీ క్రింద రెండు వేళ్ళు దూరాలి, అంతకంటే ఎక్కువ దూరకూడదు.
2. చేతులు రెండూ పైకెత్తితే పట్టీ కదలకూడదు. వెనుక భాగం పైకి ప్రాకితే వదులని అర్థం.
3. రెండు కప్పుల మధ్య భాగం ఎముకకు ఆనుకొని ఉండాలి.
4. కప్పు పైనుంచి గాని, చంక వైపు నుంచి గాని రొమ్ము పొంగి బయటికి రాకూడదు. కప్పు ముడతలు పడకూడదు.
5. భుజం పట్టీ క్రింద ఒక వేలు సులువుగా దూరాలి.

కొత్త బ్రాను అన్నిటికంటే చివరి హుక్కుకు, అంటే వదులు వరుసకు పెట్టుకున్నప్పుడు సరిపోవాలి. వాడగా వాడగా సాగుతుంది గనుక తరువాత లోపలి వరుసలకు మార్చుకోవచ్చు. కొన్న రోజే లోపలి వరుసకు పెట్టవలసి వస్తే ఆ సైజు పెద్దదని తెలుసుకోవాలి.

ఏ శరీరానికి ఏది?

అందరి శరీరమూ ఒక తీరున ఉండదు. ప్రక్కింటావిడకు బాగున్నది మనకు బాగుండకపోవచ్చు.

రొమ్ములు చిన్నవిగా ఉన్నవారికి మెత్తని నూలు బ్రా చాలు, తీగ అవసరం లేదు. చిన్నవిగా ఉన్నాయని దిగులుపడి మందపాటి స్పాంజి కప్పులు రోజంతా వేసుకొని ఉక్కలో చెమట పట్టించుకోవద్దు. ఎంత చిన్నవైనా పాలు పట్టడానికి లోటేమీ ఉండదు.

రొమ్ములు బరువుగా ఉన్నవారికి వెడల్పాటి భుజం పట్టీలు, మూడు నాలుగు హుక్కులున్న వెడల్పాటి అడుగు పట్టీ, రొమ్మునంతా కప్పే నిండు కప్పు కావాలి. సన్నని పట్టీలు భుజాన్ని కోస్తాయి. సరైనది వేసుకున్నా మెడ, వీపు నొప్పి తగ్గకపోతే డాక్టరును కలవాలి.

పిల్లల తరువాత, వయసు మీద పడ్డాక రొమ్ములు జారినవారికి క్రింది నుంచి ఎత్తి పట్టుకొనే నిండు కప్పు మంచిది. వంగి, రొమ్మును చేత్తో కప్పులో సర్దుకొని, ఆ తరువాత నిటారుగా నిలబడాలి.

భుజాలు వాలుగా ఉండి పట్టీలు జారిపోయేవారు వీపు మీద పట్టీలు దగ్గరగా ఉన్నవి ఎంచుకోవాలి. ఒక రొమ్ము పెద్దది, ఒకటి చిన్నది ఉండటం చాలామందికి సహజం. పెద్దదానికి సరిపోయే కప్పు కొని, రెండవ వైపు పట్టీ కొంచెం బిగించుకోవాలి. అయితే ఎప్పుడూ లేనిది ఈ మధ్యనే ఒక వైపు పెరిగితే మాత్రం పరీక్ష చేయించుకోవాలి.

కీళ్ళవాతంతో వేళ్ళు వంగనివారు, భుజం పట్టేసినవారు చేతులు వెనక్కి తిప్పలేరు. వారికి ముందు హుక్కులున్నవి హాయి. పెద్ద వయసు అత్తగారికి, అమ్మకు ఇది ఎవరు కొనిపెడతారు? మాట పైకి చెప్పలేక వారు మానేస్తారు. కోడళ్ళు, కూతుళ్ళు ఈ సంగతి ఆలోచించాలి.

ఏ పనికి, ఏ సమయానికి?

ఇంటి పనికి, పొలం పనికి, ఉపాధి హామీ పనికి వెళ్ళేవారికి నూలుదే మేలు. చెమటకు తడిసిన దానిని సాయంత్రం వరకు ఉంచుకోకుండా స్నానం చేసి మార్చుకోవాలి. రోజంతా నిలబడి పనిచేసే మాలాంటి నర్సులకు, టీచర్లకు, షాపుల్లో పనిచేసే అమ్మాయిలకు వెడల్పు పట్టీలున్నవి అవసరం.

పెళ్ళికి, పండుగకు పట్టుచీర కట్టుకున్నప్పుడు జాకెట్టు మెడ లోతును బట్టి బ్రా ఎంచుకోవాలి. ఇప్పుడు జాకెట్టులోనే కప్పులు పెట్టి కుడుతున్నారు. అవి కొద్ది గంటలకు బాగానే ఉంటాయి గాని, బరువైన రొమ్ములకు ఊతం ఇవ్వవు. పట్టీలు లేని బ్రాలు కూడా అంతే, ముహూర్తం అయ్యేవరకు వేసుకొని ఇంటికి రాగానే తీసేయాలి.

ఆటలాడే అమ్మాయిలకు స్పోర్ట్స్ బ్రా కావాలి. ఇది 1977లో అమెరికాలో పుట్టింది. పరుగెత్తేటప్పుడు పడే బాధ భరించలేక లిసా లిండాల్ అనే ఆమె, పాలీ స్మిత్, హిండా మిల్లర్ అనే మరో ఇద్దరితో కలిసి దీనిని తయారుచేశారు. మన బడుల్లో ఎందరో అమ్మాయిలు ఎనిమిది, తొమ్మిది తరగతులకు వచ్చేసరికి ఆటస్థలానికి రావడం మానేస్తారు. "ఒళ్ళు నొప్పి టీచర్" అంటారు. అసలు కారణం పరుగెత్తితే రొమ్ములు కదిలి నొప్పి పెట్టడం, మగపిల్లలు చూస్తారని భయం. ఆ అమ్మాయికి కావలసింది ఒక మంచి స్పోర్ట్స్ బ్రా, ఆ విషయం చెప్పే ఒక పెద్ద మనిషి. అది లేక రెండు షిమ్మీలు, వాటి మీద బిగుతు బ్రా వేసుకొని ఊపిరాడక కూర్చుంటుంది.

నెలసరికి ముందు రొమ్ములు సలిపేవారికి కూడా ఇది ఉపయోగం. రొమ్ము నొప్పితో వచ్చిన 200 మంది స్త్రీల మీద జరిపిన ఒక పరిశీలన 2000 సంవత్సరంలో ప్రచురితమైంది. స్పోర్ట్స్ బ్రా వేసుకున్నవారిలో నూటికి 85 మందికి, డానజోల్ అనే మందు తీసుకున్నవారిలో నూటికి 58 మందికి నొప్పి తగ్గింది. ఏ మందూ లేకుండా ఇంత ఉపశమనం దొరికే అవకాశం ఉన్నప్పుడు ముందుగా దానిని ప్రయత్నించడమే తెలివి.

గర్భిణీలు, బాలింతలు

గర్భం వచ్చిన మొదటి నెలల నుంచే రొమ్ములు పెరుగుతాయి, తరువాత ప్రక్కటెముకలు కూడా విచ్చుకుంటాయి. పాత బ్రాలో ఇరుక్కోవద్దు. పాలిచ్చే బ్రాలు నెలలు నిండుతున్నప్పుడు కొనుక్కోవాలి. పాలు పడినప్పుడు రొమ్ము ఇంకా నిండుతుంది గనుక కప్పులో కొంచెం చోటు ఉండాలి. కప్పు ఒక చేత్తో తెరుచుకొనేటట్లు ఉండాలి, ఎందుకంటే రెండవ చేతిలో బిడ్డ ఉంటుంది.

బాలింతలు తీగ ఉన్నవి, బిగుతుగా ఉన్నవి వాడకూడదు. ఒకేచోట నొక్కితే పాలు అక్కడ నిలిచిపోయి గడ్డకట్టినట్లు అవుతుంది. బ్రాను తెరవకుండా పైకి లాగి పాలిచ్చినా, బ్రా అంచు నొక్కి ఇదే జరుగుతుంది. రొమ్ము ఎర్రబడి, నొప్పి, జ్వరం వస్తే వెంటనే ఆసుపత్రికి రావాలి. పాలివ్వడం మాత్రం ఆపకూడదు, ఆపితే బాధ పెరుగుతుంది. పాలు కారి తడిసిన గుడ్డను ఎప్పటికప్పుడు మార్చాలి.

రొమ్ము ఆపరేషను అయినవారు మొదట్లో డాక్టరు చెప్పిన ప్రకారం ముందు తెరుచుకొనే మెత్తని నూలువి వాడాలి. రేడియేషను జరుగుతున్నప్పుడు చర్మం సున్నితంగా ఉంటుంది గనుక తీగ, బిగుతు ఎలాస్టిక్కు పనికిరావు. గాయం పూర్తిగా మానాక, లోపల సంచీ కుట్టిన బ్రాలో కృత్రిమ రొమ్ము పెట్టుకోవచ్చు. ఒక రొమ్ము తీసేశారని పైట చాటున కుమిలిపోనక్కరలేదు. పెళ్ళికి, గుడికి, చర్చికి, బజారుకు అందరిలాగే వెళ్ళవచ్చు.

కొన్ని అపోహలు

బ్రా వేసుకుంటే క్యాన్సరు వస్తుందని 1995లో అమెరికాలో వచ్చిన ఒక పుస్తకం ప్రచారం చేసింది. ఇప్పటికీ సెల్‌ఫోన్లలో ఆ మాట తిరుగుతూనే ఉంది, నల్ల రంగుదైతే మరీ ప్రమాదమని కూడా కలుపుతారు. 2014లో సియాటిల్ ప్రాంతంలో 55 నుంచి 74 ఏళ్ళ స్త్రీలు 1,500 మందికి పైగా మీద పరిశీలన చేసి, బ్రా వాడకానికి, రొమ్ము క్యాన్సరుకు సంబంధం లేదని తేల్చారు. తీగ ఉన్నా, ఎన్ని గంటలు వేసుకున్నా తేడా కనిపించలేదు. రంగు గురించిన మాటకు ఆధారమే లేదు.

బ్రా వేసుకోకపోతే రొమ్ములు జారిపోతాయనేది మరో భయం. వయసు, గర్భాల సంఖ్య, బరువు పెరిగి తగ్గడం, పొగత్రాగడం వీటికి కారణాలు. బిడ్డకు పాలివ్వడం కారణం కాదు. అందం పోతుందని పాలు మాన్పించే తల్లులు ఇది గమనించాలి. రాత్రి పడుకొనేటప్పుడు బ్రా అవసరం లేదు, బరువుగా అనిపిస్తే వదులుగా ఉన్నది వేసుకున్నా నష్టం లేదు.

ఉతకడం, ఆరవేయడం

ఎన్నో ఇళ్ళలో బ్రాను తువ్వాలు క్రిందనో, చీర మడతలోనో, తలుపు వెనుకనో దాచి ఆరవేస్తారు. మగవారి బనియను మాత్రం దండెం మీద దర్జాగా ఎగురుతుంది. గాలి తగలక సగం ఆరిన బ్రా వేసుకుంటే ముందు చెప్పిన ఫంగసును మనమే పిలిచినట్లు. మామూలు నీళ్ళతో చేత్తో ఉతికి, పిండకుండా నొక్కి, గాలీ వెలుతురూ తగిలేచోట విడిగా ఆరవేయాలి. కనీసం మూడు ఉంటే ఒకటి ఒంటి మీద, ఒకటి ఉతుకులో, ఒకటి ఆరి సిద్ధంగా ఉంటాయి. ఎలాస్టిక్కు సాగిపోయినదానికి పిన్నీసు పెట్టి లాగించడం పొదుపు కాదు.

ఎవరేం చేయాలి?

తల్లులు: కూతురికి రొమ్ములు మొలిచిన తొలి రోజుల్లోనే దగ్గర కూర్చోబెట్టుకొని చెప్పండి. ఎదిగే వయసు గనుక ఆరు నెలలకొకసారి కొలత చూడండి. "వంగి నడువు, చున్నీ సరిగ్గా వేసుకో" అనే మాటలకంటే సరైన బ్రా ఒకటి కొనివ్వడం మేలు.

భర్తలు: ఇంటి ఖర్చులో దీనికీ చోటు పెట్టండి. అందరి బట్టలూ కొన్నాక మిగిలిన చిల్లరతో సంతలో తోపుడు బండి మీద ఏరుకొనే వస్తువు కాకూడదు ఇది.

షాపువారు: లోదుస్తుల దగ్గర స్త్రీలను నియమించండి. ఒక టేపు, తెర కట్టిన ఒక మూల, సరిపోకపోతే మార్చి ఇచ్చే మర్యాద ఉంటే చాలు. వ్యాపారం తగ్గదు, పెరుగుతుంది.

బడులు: తొమ్మిదో తరగతి లోపే ఆడపిల్లలకు ఒక గంట కేటాయించి ఒక నర్సునో, ఏ.ఎన్.ఎం.నో పిలిపించి చెప్పించండి.

చివరిగా స్త్రీలందరికీ. రోజూ బ్రా వేసుకొనేటప్పుడు, విప్పేటప్పుడు ఒక్క నిమిషం అద్దంలో చూసుకోండి. గడ్డ తగిలినా, చర్మం సొట్టపడినా, చనుమొన లోపలికి లాక్కుపోయినా, కప్పు మీద రక్తపు మరక కనిపించినా, ఎన్నాళ్ళుగానో సరిపోతున్న కప్పు ఒక వైపే బిగుతైనా ఆలస్యం చేయకుండా ఆసుపత్రికి రండి. నొప్పి లేదు గదా అని ఊరుకోవద్దు, తొలి దశలో క్యాన్సరు గడ్డ సాధారణంగా నొప్పి పెట్టదు. 30 ఏళ్ళు దాటిన స్త్రీలకు ప్రభుత్వ ఆరోగ్య కేంద్రాలలో కూడా రొమ్ము పరీక్ష చేస్తారు.

మా ఓ.పి.కి వచ్చినప్పుడు డాక్టరుగారిని అడగడానికి మొహమాటమైతే మా నర్సులలో ఎవరినైనా ప్రక్కకు పిలిచి అడగండి. టేపు మా దగ్గర ఉంటుంది. తెర వేసి కొలిచి, మీ సైజు చీటీ మీద వ్రాసి ఇస్తాం. ఆ చీటీ షాపులో చూపించండి. గొంతు తగ్గించవలసిన అవసరం లేదు.